దరఖాస్తు ఫారంలో ఫైలు తనిఖీ: తిప్పి పంపాలా, సర్వరే సరిచేసుకోవాలా?

ఫారం_రచయిత (ప్రశ్న)

ఒక డిగ్రీ కళాశాల ప్రవేశాల కోసం పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో దరఖాస్తు ఫారం రాస్తున్నాను. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల ఫారంలో ఉన్నట్టే ఫోటో 20 నుంచి 50 కేబీ మధ్య, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలనీ, ఆ కొలతలో లేని ఫైలును వెంటనే తిరస్కరించాలనీ ప్రవేశాల కమిటీ కోరుతోంది. 5 ఎంబీ వరకు ఏ ఫోటోనైనా తీసుకుని సర్వరే కుదించుకోవాలని మా సహోద్యోగి అంటున్నారు. సర్టిఫికెట్లు మాత్రం పీడీఎఫ్‌లోనే వస్తాయి. భద్రత దృష్ట్యా ఏది సరైన పద్ధతి?

సర్వర్‌గది

కమిటీ చెప్పినదే సరైనది. బయటివారు పంపిన బొమ్మను సర్వర్‌లో విప్పడమంటే (డీకోడ్ చేసి పిక్సెళ్లుగా మార్చడమంటే), ఆ పని చేసే లైబ్రరీలోని ప్రతి లోపాన్నీ మన నెత్తిన పెట్టుకోవడమే. 2016లో బొమ్మలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన ‘ఇమేజ్‌ట్రాజిక్’ లోపం వల్ల ఒక్క ఫైలు పంపి సర్వర్‌లో ఆదేశాలు నడిపించగలిగే పరిస్థితి ఏర్పడింది. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను విప్పే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో లోపం బయటపడింది. విప్పని ఫైలు ఇలాంటి లోపాల ద్వారా సర్వర్‌కు హాని చేయజాలదు. పైగా చివరి తేదీ రాత్రి అందరూ ఒకేసారి పంపే ఫోటోలను కుదిస్తూ కూర్చుంటే ఫారమే తెరుచుకోదు.

నెట్‌సెంటర్_నిర్వాహకుడు

నేను కోడ్ రాసేవాణ్ణి కాను, కానీ ఆ ఫారాలు నింపించేది నేనే. ఇప్పటి ఫోన్లలో తీసిన ఫోటో మూడు నాలుగు ఎంబీ ఉంటుంది, దాన్ని 50 కేబీకి తేవడం చాలామందికి చేతకాదు. అందుకని గూగుల్‌లో వెతికి, ఎవరు నడుపుతున్నారో తెలియని కుదింపు సైట్లలో తమ ఫోటో, సంతకం, కొన్నిసార్లు ఆధార్ కార్డు కూడా ఎక్కిస్తున్నారు. కళాశాల సర్వర్ భద్రంగా ఉండటం కోసం పెట్టిన నిబంధన విద్యార్థి సంతకాన్ని అపరిచితుల చేతికి అందిస్తోందన్న సంగతిని కూడా దయచేసి లెక్కలోకి తీసుకోండి.

తనిఖీ_పక్షం

నెట్‌సెంటర్ నిర్వాహకులు చెప్పినదాని బరువు కమిటీకి తెలియాలి. ఎందుకంటే 50 కేబీ పరిమితికీ భద్రతకూ అసలు సంబంధమే లేదు. సర్వర్‌ను వశం చేసుకునే పీహెచ్‌పీ కోడ్ ఒక్క వరుసలో సరిపోతుంది. జీఐఎఫ్ ఫైళ్ల మొదట ఉండే ‘జీఐఎఫ్89ఏ’ అనే ఆరు అక్షరాలు రాసి, వాటి కిందనే ఆ ఒక్క వరుస పెట్టి, ఫైలు పేరు చివర డాట్ పీహెచ్‌పీ తగిలిస్తే, ఫైలు ఏ రకమో చెబుతూ బ్రౌజర్ పంపే మైమ్ టైప్‌ను దాడి చేసేవాడు తనకు కావలసినట్టు రాసుకుంటాడు కాబట్టి ఆ తనిఖీ దాటిపోతుంది, మొదటి బైట్లను చూసే పీహెచ్‌పీ తనిఖీ సాధనం ఫైన్ఫో సైతం అది జీఐఎఫ్ బొమ్మేనని చెబుతుంది. దాన్ని ఆపేవి వేరే ఉన్నాయి: ఎక్స్‌టెన్షన్‌ను అనుమతించిన జాబితాలోంచి సర్వరే నిర్ణయించడం, పేరును యాదృచ్ఛిక అక్షరాలతో మార్చడం, ఫైలును వెబ్ ఫోల్డర్ బయట, అంటే లింకుతో తెరిచి నడిపించలేని చోట దాచడం.

కేబీలను బట్టి బొమ్మ ఎంత పెద్దదో కూడా తెలియదు. ఒకే రంగుతో నిండిన 15,000 × 15,000 పిక్సెళ్ల నలుపు తెలుపు పీఎన్‌జీ 50 కేబీలోపే ఇమిడిపోతుంది. దాన్ని పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున మెమరీలో విప్పితే 67 కోట్ల బైట్లు దాటుతుంది. పైథాన్‌లోని పిల్లో లైబ్రరీ దాదాపు 8.9 కోట్ల పిక్సెళ్లు దాటితే హెచ్చరించి, అందుకు రెట్టింపు దాటితే నిరాకరించేది ఇందుకే. కాబట్టి బొమ్మను విప్పడానికి ముందే దాని పొడవు వెడల్పులు చదివి హద్దు పెట్టాలి.

సర్వర్‌గది గారు చెప్పిన రెండు లోపాలూ నిజమైనవే, కానీ అవి మీ వాదనకు బలం ఇస్తాయని నేను అనుకోను. ఇమేజ్‌మ్యాజిక్ ఫైలు పేరును కాక లోపలి రాతను బట్టి రకాన్ని నిర్ణయించేది. అందుకే జేపీజీ అని పేరు పెట్టిన వేరే రకం ఫైలు కూడా నడిచింది. జేపీజీ మొదట ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లు ఉన్నాయో లేదో ముందే చూసి ఉంటే ఆ ఫైలు అక్కడిదాకా వెళ్లేదే కాదు. ఇక లిబ్‌వెబ్‌పీ లోపం క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో కూడా ఉండేది. సర్వర్‌లో విప్పకుండా దాచిన ఫోటోను మరునాడు దరఖాస్తులు పరిశీలించే గుమాస్తా తన బ్రౌజర్‌లో తెరుస్తారు. మనం విప్పనంత మాత్రాన ఆ ఫైలు ఎవరూ విప్పనిదైపోదు, ప్రమాదం కాస్తా మన బల్ల మీది నుంచి ఆమె బల్ల మీదికి చేరుతుంది, అంతే. జేపీజీ, పీఎన్‌జీ మాత్రమే విప్పగలిగే వేరే ప్రాసెస్‌లో, నెట్‌వర్క్ లేకుండా, మెమరీకి హద్దు పెట్టి బొమ్మను మళ్లీ కొత్తగా రాయించండి. ఆ కొత్త ప్రతినే ఆమెకు చూపండి. ఎగ్జిఫ్‌ను (ఫోటో ఫైలులో కెమెరా రాసిపెట్టే వివరాలను) ప్రత్యేకంగా కాపీ చేయకపోతే, ఫోటోలో దాగి ఉన్న ఇంటి జీపీఎస్ వివరాలు కూడా అక్కడితో పోతాయి.

సర్వర్‌గది

గుమాస్తా బ్రౌజర్ గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను. ఫోటోల విషయంలో నా అభ్యంతరం చాలావరకు తీరింది. అయితే సర్టిఫికెట్లకు ఈ సూత్రాన్ని వర్తింపజేయకండి. మీసేవ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం మీద, డిజిలాకర్ నుంచి వచ్చే చాలా పత్రాల మీద డిజిటల్ సంతకం ఉంటుంది. పీడీఎఫ్‌ను శుభ్రం చేస్తున్నామని తిరిగి రాస్తే ఆ సంతకం చెల్లకుండా పోతుంది, అసలు పత్రం ఇచ్చిన విద్యార్థి మీద అనుమానం పడుతుంది. రద్దీ ప్రశ్నకు కూడా మీరు జవాబు చెప్పలేదు.

తనిఖీ_పక్షం

సంతకం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పీడీఎఫ్‌ను ఒక్క బైటు కూడా మార్చకుండా దాచాలి. మొదట్లో పీడీఎఫ్ గుర్తు ఉందో లేదో చూసి, చూపించేటప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకోకుండా డౌన్‌లోడ్ అయ్యేలా కంటెంట్ డిస్పొజిషన్ హెడర్‌లో అటాచ్‌మెంట్ అని రాసి, దానితోపాటు ఫైలు రకాన్ని బ్రౌజర్ సొంతంగా ఊహించకుండా ఆపే నోస్నిఫ్ హెడర్‌ను పంపి, వీలైతే ఫారం ఉన్న డొమైన్ నుంచి కాక వేరే డొమైన్ నుంచి ఇవ్వాలి.

రద్దీకి జవాబు బ్రౌజర్‌లోనే ఉంది. పంపే ముందే బ్రౌజర్‌లో బొమ్మలు గీసే కాన్వాస్ సౌకర్యం సాయంతో ఫోటోను అక్కడే కుదిస్తే నాలుగు ఎంబీ ఫైలు కొన్ని వందల కేబీకి దిగుతుంది, విద్యార్థి మొబైల్ డేటా కూడా మిగులుతుంది. బ్రౌజర్‌లో జరిగిన పనిని నమ్మడానికి లేదు కాబట్టి సర్వర్ మళ్లీ తనిఖీ చేయాల్సిందే, కానీ అప్పటికి భారం బాగా తగ్గి ఉంటుంది.

ఫారం_రచయిత గారూ, ఒక ముఖ్యమైన సంగతి. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జిన్‌ఎక్స్, దాని సెట్టింగ్ మార్చకపోతే 1 ఎంబీ దాటిన అభ్యర్థననే ఆపేస్తుంది. పీహెచ్‌పీ కూడా సెట్టింగ్ మార్చకపోతే ఒక్కో ఫైలుకు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ హద్దు పెడుతుంది. ఆ 8 ఎంబీ దాటినప్పుడు ఫైళ్లతోపాటు పేరు, చిరునామా లాంటి గడులన్నీ ఖాళీగా అందుతాయి. అప్పుడు ‘పేరు తప్పనిసరి’ అని ఎర్ర అక్షరాల్లో చూపితే, గంటసేపు ఫారం నింపిన మనిషికి ఏం జరిగిందో అర్థం కాదు. ఆ పరిస్థితిని విడిగా గుర్తించి, ‘మీ ఫైళ్ల మొత్తం 11 ఎంబీ ఉంది, 8 ఎంబీ దాటకూడదు’ అని తెలుగులో చెప్పండి.

నెట్‌సెంటర్_నిర్వాహకుడు

ఫైలు పేరు తెలుగులో ఉంటే కొన్ని ఫారాలు ‘చెల్లని ఫైలు’ అంటాయి. ‘మార్కుల జాబితా’ అని పేరు పెట్టుకోవడంలో తప్పేముందో ఇంతవరకు ఏ ఫారమూ చెప్పలేదు.

ఫారం_రచయిత

ఆ పేరును నేను దాచే ఫైలుకు వాడబోవడం లేదు కాబట్టి దాన్ని తిరస్కరించే కారణం నాకూ లేదు. దాన్ని డేటాబేస్‌లో మామూలు పాఠ్యంగా ఉంచి, చూపేటప్పుడు మాత్రం ఎస్కేప్ చేస్తాను, అంటే కోడ్‌గా నడవకుండా అక్షరాలుగానే కనిపించేలా మారుస్తాను. ఫోటోకు 20 కేబీ కనీస హద్దును తీసేసి, దాని బదులు 200 × 230 పిక్సెళ్లకు తగ్గకూడదని పెడతాను. మసక ఫోటోలు రాకూడదన్నదే కమిటీ ఉద్దేశమైతే పిక్సెళ్ల హద్దే కొంతైనా పనికొస్తుంది. ఐఫోన్ల నుంచి వచ్చే హెచ్ఈఐసీ అనే రకం ఫోటో ఫైళ్ల సంగతే ఇంకా తేలలేదు.

సర్వర్‌గది

వాటి కోసం సర్వర్‌లో మరో డీకోడర్ చేర్చడానికి మాత్రం నేను ఒప్పుకోను. ‘ఈ ఫోటో హెచ్ఈఐసీ రకంలో ఉంది, జేపీజీలో పంపండి’ అని స్పష్టంగా చెప్పి తిప్పి పంపండి.

తనిఖీ_పక్షం

బ్రౌజర్ దాన్ని విప్పగలిగితే అక్కడే జేపీజీగా మార్చండి. విప్పలేకపోతే అప్పుడు సర్వర్‌గది గారి సందేశమే చూపండి, కానీ ఐఫోన్‌లో దాన్ని జేపీజీగా ఎలా మార్చుకోవాలో ఆ సందేశం కిందే రాయండి. లేకపోతే ఆ విద్యార్థి కూడా తెలియని సైటునే వెతుక్కుంటూ వెళ్తాడు.