మ్యూనిక్‌లో చివరి ఐదు వారాలు: ఊరు తిరగాలా, ఊళ్లు తిరగాలా?

ఓరుగల్లు అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న నేను, విద్యార్థుల మార్పిడి పథకం కింద ఒక సెమిస్టర్ చదవడానికి ఏప్రిల్‌లో మ్యూనిక్ వచ్చాను. ఆగస్టు 9న తిరుగు ప్రయాణం. జూలై 22 నుంచి ఆగస్టు 4 వరకు మూడు పరీక్షలున్నాయి. అంటే చేతిలో మిగిలింది అయిదు వారాలు, అందులో రెండు పరీక్షలకే పోతాయి.

నాతో వచ్చిన నలుగురు మిత్రులు పరీక్షలకు ముందు వారంలో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, వెనిస్ చుట్టి రావాలని టికెట్లు చూస్తున్నారు. వీసా ఉన్నప్పుడే చూసెయ్యాలి, మళ్లీ ఎప్పుడొస్తామో అన్న వాళ్ల మాటను నేను కాదనలేను. అయితే వచ్చిన కొత్తలో ఇంటి మీద బెంగతో క్యాలెండరులో రోజులు కొట్టేసుకున్న నేనే, ఇప్పుడు అవే రోజులు తరిగిపోతున్నాయని దిగులుపడుతున్నాను. మా వసతిగృహం కింద రొట్టెల దుకాణం నడిపే పెద్దావిడ, మొదట్లో నా జర్మన్ అర్థంకాక విసుక్కునేవారు. మొన్న నేను నోరు తెరవకముందే గుమ్మడిగింజల బన్నులు రెండు సంచిలో వేసి ఇచ్చారు. ఆ సంచి పట్టుకుని గదికి వచ్చాక చాలాసేపు చదువు మీదకు మనసు పోలేదు.

ఈ చివరి వారాలను ఎలా గడిపితే బాగుంటుందో, వెళ్లేముందు తప్పనిసరిగా తెముల్చుకోవలసిన పనులేమిటో ఇక్కడ చదివి వెళ్లినవారు చెప్పగలరా?

గోదారి ఒడ్డు

చెల్లీ, నేను 2014లో మీలాగే ఒక సెమిస్టర్ కోసం అక్కడికి వచ్చి, మీ మిత్రులు వేసుకున్నటువంటి ప్రణాళికే వేసుకుని, తొమ్మిది రోజుల్లో అయిదు నగరాలు చూశాను. ఆ అయిదింటిలో ఈరోజు నాకు స్పష్టంగా గుర్తున్నవి బస్సు స్టాండ్లు, సామాను దాచే అరలు మాత్రమే. అదే మ్యూనిక్‌లో గడిపిన ఆఖరి పదిహేను రోజులను గంటగంటా చెప్పమన్నా చెప్పగలను. అందుచేత నా ఓటు మ్యూనిక్‌కే.

ముందుగా, జూలై మూడో ఆదివారం ఉదయం ఆరు గంటలకు ఇంగ్లీష్ గార్డెన్‌లోని చైనీస్ టవర్ దగ్గర జరిగే కోఖర్ల్‌బాల్ అనే నాట్య వేడుకను వదులుకోకండి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ ఊరి వంటవాళ్లు, పనిమనుషులు, ఆయాలు తమ యజమానులు నిద్ర లేవకముందే అక్కడ చేరి నాట్యమాడి, మళ్లీ పనుల్లోకి పోయేవారట. 1904లో అధికారులు దాన్ని నిషేధించారు. ఆ తోట ఏర్పడి 200 ఏళ్లయిన సందర్భంగా 1989లో మళ్లీ మొదలుపెట్టారు. నేను తెల్లవారుజామున అయిదింటికే వెళ్తే అప్పటికే బల్లలన్నీ నిండిపోయి, వాటి మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. నా దగ్గర వాళ్ల సంప్రదాయ దుస్తులు లేవు కాబట్టి, మా అమ్మ సంక్రాంతికి కుట్టించిన లంగా ఓణీ వేసుకుని వెళ్లాను. డెబ్బై ఏళ్లు దాటిన దంపతులు నన్ను మధ్యలో నిలబెట్టి అడుగులు నేర్పారు; నేను తప్పు వేసిన ప్రతిసారీ ఆ పెద్దాయన తన బూట్లను చూసుకుని, నా చెప్పులను చూసి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేవారు. వాన పడితే రద్దు చేస్తారు కాబట్టి ముందురోజు ఆకాశం చూసుకోండి. పది గంటలకల్లా అయిపోతుంది, పదకొండుకు గ్రంథాలయంలో కూర్చోవచ్చు, మీ పరీక్షకు అడ్డు రాదు.

రెండవది, ఒక సాయంత్రం పులిహోర కలుపుకుని బీర్ గార్డెన్‌కు వెళ్లండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. బవేరియా రాజు మాక్సిమిలియన్ 1812లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం బీరు తయారీదారులు తమ తోటల్లో బీరు అమ్మవచ్చు కానీ భోజనం అమ్మకూడదు, అందువల్ల జనం తిండి ఇంటినుంచే తెచ్చుకునేవారు. భోజనం అమ్మకం ఆ తర్వాత వచ్చినా తెచ్చుకునే ఆచారం మాత్రం నిలిచిపోయింది. గుడ్డ పరచిన బల్లల దగ్గర మాత్రం కూర్చోవద్దు, అవి అక్కడివారు వడ్డిస్తే తినేవారికి. పరచని బల్ల దగ్గర మీ డబ్బా విప్పుకోవచ్చు, పానీయం మాత్రం అక్కడే కొనాలి. బీరు తాగనివారికి యాపిల్ రసంలో సోడా కలిపిన ఆప్‌ఫెల్‌షోర్లె ఉంటుంది. మా పక్క బల్లవాళ్లు ముల్లంగి ముక్కలు మా వైపు జరిపి, పులిహోరలో వేరుశనగపప్పులు ఏరుకుని తిన్నారు. ఇంగువ వాసన గురించి ఒకాయన చాలా మర్యాదగా ఏమీ అనలేదు.

ఈజార్ దగ్గరే ఉంటాను

సోదరీ, అక్కగారు చెప్పిన ముచ్చట్లకు నేను అడ్డు రాను. అయితే ఆ ముచ్చట్లు నిశ్చింతగా సాగాలంటే కాగితాల పని ఈ వారమే మొదలుపెట్టాలి. నివాస నమోదు రద్దును, అంటే ఆబ్‌మెల్డుంగ్‌ను, గది ఖాళీ చేసే తేదీకి ఒక వారం ముందునుంచి, ఖాళీ చేసిన రెండు వారాలలోపు చేయవచ్చు. మీకది ఆగస్టు 2 తర్వాత వస్తుంది. అప్పటికి మీ ఆఖరి పరీక్ష కూడా కాలేదు కాబట్టి, నేరుగా వెళ్లి చేయించుకోదలిస్తే అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. ఆ ధ్రువపత్రం చేతికి వస్తేనే, నెలకు 18.36 యూరోల చొప్పున కట్టే రేడియో, టీవీ రుసుమును ఆపించుకోవడం సులువవుతుంది. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతటా స్థానిక, ప్రాంతీయ రైళ్లలో చెల్లే నెలవారీ పాసు) చందాను నెలాఖరుకు ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. మీకు ఆగస్టులో కూడా అవసరం కనుక ఆగస్టు 10 లోపు చేస్తే సరిపోతుంది, కానీ విమానం ఎక్కే హడావిడిలో మరిచిపోతే సెప్టెంబరుకు కూడా డబ్బు పోతుంది.

గది అప్పగింత గురించి ఒక స్వానుభవం చెబుతాను. మొదటి వసతిగృహంలో వంటగది గట్టు మీద పసుపు మరకను నేను మూడు నెలలు పట్టించుకోలేదు. చివరిరోజు నిమ్మచెక్కతో, సోడాతో గంటసేపు రుద్దినా అది లేత నారింజరంగుకు దిగింది తప్ప పోలేదు, ధరావతులో 60 యూరోలు కోసుకున్నారు. తనిఖీకి వచ్చినాయన ఆ మరక ఎదుట వంగి, ఇది ఏ రంగు పెయింటు అని నిజాయితీగా అడిగాడు. కాబట్టి మరకలుంటే ఈరోజే తడి గుడ్డతో తుడిచి, ఎండ తగిలే చోటైతే రోజూ కాస్త ఎండ తగలనివ్వండి; పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది.

ఇంటికి తీసుకెళ్లే చాక్లెట్లు, బహుమతులు శనివారం రాత్రి ఎనిమిది లోపు కొనేయండి. మీ విమానం ఆదివారమే అయితే, ఆరోజు ఊళ్లో దుకాణాలు మూసి ఉంటాయని వేరే చెప్పనక్కరలేదు. మంచం కింద పేరుకున్న నీళ్ల సీసాలను కూడా, ఖాళీ సీసాలు తిరిగి తీసుకునే యంత్రంలో వేయండి. ఒక్కోదానికి 25 సెంట్లు తిరిగి వస్తాయి, మా గదిలో చివరికి పదిహేను యూరోలు తేలాయి.

పీలేరు ప్రయాణికుడు

పై ఇద్దరితోనూ కొంత విభేదిస్తున్నాను. నేను ఊరు కదలకుండా పరీక్షలు రాసుకుని బుద్ధిగా తిరిగి వచ్చినవాడిని, దానికి ఈరోజుకీ చింతిస్తున్నాను. మన దేశం నుంచి మళ్లీ షెంగెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) దరఖాస్తు చేస్తే 2024 జూన్ నుంచి రుసుమే 90 యూరోలు, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూపులు, బ్యాంకు కాగితాలు అదనం. కాబట్టి మీ మిత్రులు చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. తప్పు వాళ్లు ఎంచుకున్న వారంలో ఉంది. పరీక్షలకు ముందు వారంలో వెనిస్ వెళ్లినవారు గోండోలాలో కూర్చుని కూడా పాత ప్రశ్నపత్రాలే చూస్తారు.

ఆగస్టు 4 సాయంత్రం నుంచి 8 వరకు మీకు ఖాళీ ఉంది. ఒకరోజు సాల్జ్‌బర్గ్ పెట్టుకోండి. అది ఆస్ట్రియా అయినా, ప్రాంతీయ రైళ్లలో ఆ ఊరి ప్రధాన స్టేషను వరకు డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది, ప్రయాణం రెండు గంటలు. పాస్‌పోర్టు మాత్రం దగ్గర ఉంచుకోండి, తిరుగు రైలులో సరిహద్దు దగ్గర అడుగుతారు. మరొకరోజు ఎస్8 రైలెక్కి హెర్షింగ్‌లో దిగి, వాగు వెంట అడవి దారిన ఆండెక్స్ మఠం దాకా నడవండి. ఎక్కుడు దారే అయినా తిరుమల మెట్లు ఎక్కినవారికి లెక్కలోనిది కాదు. తిరిగి వచ్చాక కిందనే ఉన్న అమ్మర్ సరస్సులో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. ఇక పరీక్షల మధ్యలో తల వేడెక్కిన ఆదివారం ఆల్టె పినకోటెక్ అనే చిత్రకళా మ్యూజియానికి వెళ్లండి, ఆరోజు ప్రవేశం ఒక్క యూరో. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెహ్ట్ డ్యూరర్ 1500లో గీసుకున్న తన చిత్రం ఎదుట కాసేపు నిలబడితే, ఆయన మీ సిలబస్ ఎంతవరకు అయిందని అడుగుతున్నట్టే చూస్తాడు.

ఓరుగల్లు అమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. మిత్రులకు ఇప్పుడు రానని చెప్పాను. ఇద్దరు అలిగారు, ఒకరు మాత్రం తానూ మానుకుని ఆగస్టు 5న నాతో సాల్జ్‌బర్గ్ వస్తానన్నారు. ఆబ్‌మెల్డుంగ్‌కు ఆగస్టు 6న ఉదయం 8:20కి సమయం దొరికింది. అక్కా, నా దగ్గర లంగా ఓణీ లేదు, ఉన్నదల్లా ఒక పోచంపల్లి చీర. దానితో నాట్యం కుదురుతుందా? ఇంకొక చిన్న సందేహం: అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కరును తిరిగి మోసుకెళ్లడం తెలివైన పనేనా?

గోదారి ఒడ్డు

చీర బాగా కుదురుతుంది, కుచ్చిళ్లు కాస్త పైకి దోపి, పిన్నులు నాలుగు ఎక్కువ పెట్టుకోండి. కుక్కరును తీసుకెళ్లకండి. అక్టోబరులో వచ్చే తెలుగు పిల్లలకు అప్పగించమని ఎవరి గదిలోనైనా ఉంచి, రబ్బరు గ్యాస్కెట్ ఒకటి కొత్తది కొని లోపల పెట్టండి. నేను 2014లో అక్కడ వదిలివచ్చిన కుక్కరు మూత పిడికి ఎర్ర దారం చుట్టి ఉండేది. అది కనబడితే ఒక ఫోటో పెట్టండి.