సుఖవేదన అంటే ఏమిటి? బౌద్ధ పదాల దగ్గర ఆగిపోయాను

ప్రశ్న: కొత్త పాఠకురాలు

రెండు వారాలుగా బౌద్ధం మీద ఒక పరిచయ పుస్తకం చదువుతున్నాను. పంచస్కంధాల (మనిషిని విడదీసి చూపే ఐదు భాగాల) అధ్యాయంలో వేదన మూడు రకాలని ఉంది: సుఖవేదన, దుఃఖవేదన, రెండూ కానిది. వేదన అంటేనే బాధ కదా, సుఖమైన బాధ ఎలా ఉంటుంది? అచ్చుతప్పు అనుకుని పెన్సిల్‌తో కొట్టేశాను. రెండు పేజీలు తిప్పగానే మళ్లీ అదే మాట. ‘సంస్కారాలు అనిత్యం’ అన్నచోటా ఇదే పరిస్థితి. మంచి నడవడి నిలవదనా దాని అర్థం? పైగా నిర్వాణం అంటే మరణమేనని మా నాన్నగారు గట్టిగా అంటున్నారు. తెలిసినవారు కాస్త విడమరచి చెప్పండి.

జవాబు: పాళీ విద్యార్థి

అమ్మా, ఆ పెన్సిల్ గీత చెరిపేయండి, అక్కడ అచ్చు సరిగ్గానే ఉంది. బాగా తెలిసిన మాటలే ఇక్కడ మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టిస్తాయి. ‘విజ్ఞానం’ కనిపించిన ప్రతిచోటా చదువు, సైన్సు అనుకుంటూ నేను మూడేళ్లు చదివాను. పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో అది ‘విఞ్ఞాణం’. కంటికి రూపం, చెవికి శబ్దం తగిలినప్పుడు కలిగే ఎరుక.

వేదన కూడా అంతే. తెలుసుకోవడం అనే అర్థమున్న ‘విద్’ ధాతువు నుంచి వచ్చింది. ఏదైనా తగిలినప్పుడు హాయిగానో, ఇబ్బందిగానో, ఎటూ కాకుండానో తెలియడమే వేదన. తెలుగులో దాని బాధ కొస మాత్రమే మిగిలింది.

పుస్తకం పక్కన పెట్టి పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. ముక్కు పక్కన దురద పుడుతుంది. అది బాగాలేదని తెలియడం వేదన. పోతే బాగుండునన్న ఆరాటం తృష్ణ. నాకు చాలాకాలం ఈ రెండూ ఒకటిగానే తోచేవి, ఎందుకంటే అప్పటికే చెయ్యి ముక్కు మీద ఉండేది. ఒకరోజు చెయ్యి లేవబోతుండగా గమనించాను. దురద వేరు, ఆరాటం వేరు. దుఃఖం ఒకదాన్ని బట్టి ఒకటిగా ఎలా పుడుతుందో చెప్పే గొలుసు ప్రతీత్యసముత్పాదం. అందులోని 12 అంగాల్లో వేదన ఏడవది, తృష్ణ ఎనిమిదవది. ఆ రెంటి నడుమ ఉన్న సందు చూపించడానికే బుద్ధుడు ఇంత శ్రమపడ్డాడని నా నమ్మకం. బుద్ధుడి బోధల పాళీ సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో రెండు బాణాల పోలిక ఉంది. మొదటి బాణం ఒంటికి తగిలిన నొప్పి. దాని గురించి కుమిలిపోవడం రెండో బాణం. జ్ఞానికి మొదటిది ఒక్కటే తగులుతుంది.

సంస్కారానికి నడవడితో సంబంధం లేదు. పంచస్కంధాల్లో చెప్పినప్పుడు సంకల్పం మొదలైన మనోవ్యాపారాలు. ‘సబ్బే సంఖారా అనిచ్చా’ అన్నప్పుడు ఇంకా విశాలం: కారణాలు కూడి ఏర్పడినదంతా. ఒకే మాటకు రెండు కొలతలు ఉన్నాయి, సందర్భం చూసుకోవాలి.

జవాబు: అనువాదకుడు

ఇంత తిప్పలెందుకు? వేదనను ‘అనుభూతి’ అని తెనిగిస్తే సరిపోతుంది.

నిర్వాణం సంగతి నేను చెబుతాను. పెద్దలు పోయినప్పుడు పత్రికల్లో వచ్చేది ‘నిర్యాణం’, అంటే వెళ్లిపోవడం. నిర్వాణం అంటే ఆరిపోవడం. రాగం, ద్వేషం, మోహం అనే మంటలు ఆరడం. సంప్రదాయం ప్రకారం గౌతముడు 35వ ఏట బోధివృక్షం కింద దాన్ని పొందాడు. ఆ తర్వాత 45 ఏళ్లు ఊరూరా నడిచి బోధించి, 80వ ఏట కుశీనగరంలో కన్నుమూశాడు. ఆ చివరిదాన్ని పరినిర్వాణం అంటారు. మీ నాన్నగారికి ఈ 45 ఏళ్ల లెక్క చెప్పండి.

‘కర్మ’ దగ్గర కూడా జాగ్రత్త. ‘నా ఖర్మ’ అని నుదురు కొట్టుకునేటప్పుడు మన మనసులో ఉండేది విధిరాత. బుద్ధుడి మాట ‘చేతనాహం భిక్ఖవే కమ్మం వదామి’. భిక్షువులారా, సంకల్పాన్నే నేను కర్మ అంటాను అని.

జవాబు: పాళీ విద్యార్థి

అనువాదకుడు గారూ, ‘అనుభూతి’తో నాకు పేచీ ఉంది. ఆ మాట వినగానే ప్రేమ, దిగులు, పులకింత అన్నీ వచ్చి చేరతాయి. అవి సంస్కారస్కంధంలోకి వెళ్లాలి. వేదన అంతకంటే చిన్నది, ముందుది. పాత మాటనే ఉంచి పక్కన వివరణ ఇవ్వడం మేలు.

జవాబు: కొత్త పాఠకురాలు

గీత చెరిపేశాను. దురద కోసం కూర్చుంటే మోకాలి నొప్పి వచ్చింది, నాలుగు నిమిషాలే ఉండగలిగాను. 45 ఏళ్ల లెక్క విన్నాక నాన్నగారు కాసేపు ఆలోచించి, “సరే, మరి పోయాక ఆయన ఎక్కడికి వెళ్లినట్టు?” అని అడిగారు. ఏం చెప్పను?

జవాబు: పాళీ విద్యార్థి

అలాంటిదే మరో సంకలనం మజ్ఝిమ నికాయంలో వచ్చగోత్తుడనే పరివ్రాజకుడు దాదాపు ఇదే అడుగుతాడు. బుద్ధుడు ఎదురు ప్రశ్న వేస్తాడు: నీ ముందున్న మంట ఆరిపోతే అది ఎటు వెళ్లినట్టు? తూర్పుకా, పడమరకా, ఉత్తరానికా, దక్షిణానికా? ఆ ప్రశ్నే పొసగదంటాడు వచ్చగోత్తుడు. గడ్డీ కట్టెలూ ఉన్నంతసేపు మండింది, అవి అయిపోయాక ఆరింది, అంతే. పాళీలో వంటచెరకునూ, మనసు దేన్నైనా పట్టుకుని వదలకపోవడాన్నీ ఒకే మాటతో చెబుతారు: ‘ఉపాదానం’. ప్రతీత్యసముత్పాదంలో తృష్ణ తర్వాతి అంగం అదే. మీ పుస్తకంలో ఆ మాట వచ్చినచోట పెన్సిల్‌తో ‘కట్టె’ అని రాసుకోండి.