మాస్టర్ ట్రైనర్‌కి సర్టిఫికెట్ ఇచ్చేముందు ఏం చూడాలి?

పలక_బలపం
ఉల్లాస్ (కేంద్రం వయోజన విద్య పథకం) కింద పెద్దవాళ్ళకి చదువు చెప్పే వాలంటీర్లున్నారు కదా, వాళ్ళకి శిక్షణ ఇచ్చే ట్రైనర్లను తయారుచేస్తున్నాం. ఎక్కువమంది డ్వాక్రా సంఘాల లీడర్లు, డిగ్రీ చదివిన పిల్లలు. మూడు రోజుల క్లాసులయ్యాక రాతపరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇద్దామనుకుంటున్నాం. సరిపోతుందా అండీ?

రాత్రిబడి
సరిపోదండి. రాతపరీక్షలో ఎవరికి ఏం గుర్తుందో తెలుస్తుంది తప్ప, ఎవరు నేర్పగలరో తెలియదు. ఒక్కొక్కరితో 20 నిమిషాల మాదిరి పాఠం చెప్పించండి. వినేవాళ్ళకి తెలుగు వచ్చు కాబట్టి ఆ పాఠం తెలుగులో వద్దు, నాలుగైదు తమిళ అక్షరాలతో పెట్టండి. కన్నడమైతే మన లిపికి దగ్గర, ఊహించి చదివేస్తారు. అక్షరం గుర్తుపట్టలేక తడబడటం ఎలా ఉంటుందో అప్పుడు వాళ్ళకే అర్థమవుతుంది. ట్రైనర్ జవాబు కోసం ఆగుతున్నాడా, తడబడ్డవాళ్ళకి తనే జవాబు అందించేస్తున్నాడా అన్నది గమనించండి.

ఆ రోజే సర్టిఫికెట్ చేతిలో పెట్టొద్దు. రెండు మూడు వారాలయ్యాక, ఆ ట్రైనర్ తయారుచేసిన వాలంటీర్ పాఠం చెబుతుంటే వెళ్ళి కూర్చోండి. ట్రైనర్ చెప్పినది అక్కడిదాకా చేరిందో లేదో అక్కడే తేలుతుంది.

గుణింతం
పైమాటకి తోడు ఇంకొకటి. వాలంటీర్లు ఎంత చెప్పినా మళ్ళీ అ ఆ ఇ ఈ దగ్గరికే పోతారు, ఎందుకంటే వాళ్ళు బడిలో అలాగే నేర్చుకున్నారు. అచ్చులు విడి అక్షరాలుగా దాదాపు పదం మొదట్లోనే వస్తాయి. వాటితోనే వారం గడిస్తే పెద్దమనిషికి ఒక్క బోర్డు కూడా చదవడం రాదు, మానేస్తారు. అదే ‘పలక’తో మొదలుపెడితే ప, ల, క విడదీసి అదే రోజు కల, కలప చదివించవచ్చు. మర్నాడు త చేరిస్తే తల, కలత. ఆ తర్వాత దీర్ఘం: పాత, తాత. ఈ వరస ఎందుకో ట్రైనర్ సొంత మాటల్లో చెప్పగలగాలి. వ, ప ఒకే రోజు నేర్పకూడదని కూడా తెలియాలి. తలకట్టు అంటుకుంటే వ, విడిగా ఉంటే ప. కొత్తవాళ్ళ కంటికి ఆ తేడా ఆనదు.

పలక_బలపం
చాలా ఉపయోగపడిందండీ. లెక్కల సంగతి?

రాత్రిబడి
అక్కడే ఎక్కువగా అశ్రద్ధ చేస్తారు. చదువు నేర్చుకున్న పెద్దవాళ్ళకి చివర్లో పెట్టే పరీక్ష 150 మార్కులు: చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50. ప్రతిదాంట్లో 33 శాతం రావాలి. సంతలో బేరమాడే మనిషికి కూడికలు నోటితో వచ్చు, రానిది అంకె రాయడమే. కాబట్టి నోట్లు, ఫోన్ నంబరు, కరెంటు బిల్లుతో మొదలుపెట్టించండి.

గుణింతం
చత్వారం కూడా చూసుకోండి. 40 దాటినవాళ్ళని మొదటిరోజే సూదిలో దారం ఎక్కించమనాలి. ఎక్కించలేకపోతే ముందు కళ్ళజోడు, తర్వాతే పుస్తకం. ఈ పని వాలంటీర్లతో చేయించని ట్రైనర్‌కి రెండో విడత పరిశీలనలో పాస్ ఇవ్వకండి. కంటిచూపు సమస్యని ‘ఈవిడకి చదువు ఎక్కదు’ అని రాసేస్తారు, ఆవిడ ఇక తిరిగి రాదు.