కిలో రూ.150 డాగ్ ఫుడ్ పెట్టొచ్చా, అన్నం-చికెనే నయమా?

మెతుకు_లెక్క (ప్రశ్న)
20 కిలోల నాటు కుక్క, మూడేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. రోజూ అన్నం, చికెన్ తింటోంది. డ్రై ఫుడ్‌కి మార్చాలి. ముందర రెండు సంచులున్నాయి. కంపెనీ పేర్లు రాస్తే అభిమానుల కొట్లాట మొదలవుతుంది కాబట్టి రాయడం లేదు.

చవకది: కిలో రూ.150. ప్రోటీన్ కనీసం 20%, కొవ్వు కనీసం 10%, పీచు 5% లోపు, తేమ 12% లోపు. జాబితాలో మొదటి పేరు "ధాన్యాలు, ధాన్య ఉపఉత్పత్తులు".
ఖరీదుది: కిలో రూ.230. ప్రోటీన్ 24%, కొవ్వు 14%, పీచు 3%, తేమ 10%. మొదటి పేరు చికెన్.

చవకది పెడితే ఏడాదిలో కిడ్నీలు పోతాయని ఒకరు, రెండూ ఒకటే సరుకని ఇంకొకరు. ఎవరి మాట నమ్మాలి?

కోడికూర
మొదటి పేరే ధాన్యం అయితే ఇంకా అడిగేదేముంది? అది తవుడూ నూకలూ మొక్కజొన్నా కలిపి, పైన కోడి నూనె చల్లిన సరుకు. నూనె వాసనకి కుక్క ఎగబడి తింటుంది, మనం "ఎంత ఇష్టమో" అని మురిసిపోతాం. రూ.80 దగ్గర కక్కుర్తి పడకండి.

తవుడు_గారు
కోడికూర గారూ, "మొదటి పేరు" సూత్రంతో చాలామంది మోసపోతారు. జాబితా బరువు ప్రకారం రాస్తారు, అదీ కలిపేటప్పటి బరువు. పచ్చి చికెన్‌లో మూడింట రెండొంతులకు పైగా నీళ్లే. ఎండబెట్టాక ఆ మొదటి పేరు నాలుగో ఐదో స్థానానికి జారిపోవచ్చు. అదే "చికెన్ మీల్" అయితే ముందే ఎండిన పొడి, మూడో స్థానంలో ఉన్నా ఎక్కువ మాంసమే ఇవ్వొచ్చు. ఇంకో కిటుకు: ధాన్యాన్ని మొక్కజొన్న, నూకలు, గోధుమ పొట్టు, తవుడు అని నాలుగు ముక్కలు చేసి రాస్తే ఒక్కొక్కటీ చికెన్ కిందికి దిగుతుంది. చవక సంచి అన్నిటినీ కలిపి "ధాన్యాలు" అని రాసింది కాబట్టి ఆ విషయంలో అదే కాస్త నిజాయితీగా ఉంది.

శాతాలు కూడా ఉన్నవి ఉన్నట్టు పోల్చకూడదు. క్యాలరీల్లోకి మార్చాలి. 100లోంచి ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద తీసేస్తే మిగిలేది పిండిపదార్థం. బూడిద అంటే కాల్చాక మిగిలే ఖనిజాలు; చాలా సంచుల మీద ఉండదు, 8% వేసుకోండి. చవకదానికి పిండి 45%, ఖరీదుదానికి 41%. గ్రాముకి ప్రోటీన్‌కి 3.5, పిండికి 3.5, కొవ్వుకి 8.5 కిలో క్యాలరీల చొప్పున:

చవకది: 70 + 85 + 157.5 = 100 గ్రాములకు సుమారు 312
ఖరీదుది: 84 + 119 + 143.5 = 100 గ్రాములకు సుమారు 346

1000 కిలో క్యాలరీలకి ప్రోటీన్ చవకదానిలో 64 గ్రాములు, ఖరీదుదానిలో 69. సంచి మీద 20కీ 24కీ ఉన్న దూరం ఇక్కడికొచ్చేసరికి సగానికి పైగా తగ్గిపోయింది. ఎదిగిన కుక్కకి ఆఫ్కో (పశువుల, పెంపుడు జంతువుల తిండికి ప్రమాణాలు రాసే అమెరికా సంఘం) అడిగే కనీసం 45 గ్రాములు. రెండూ హాయిగా దాటాయి.

మెతుకు_లెక్క
మరి రోజుకి ఎంత పెట్టాలి? సంచి వెనక పట్టికలో "20 కిలోలు: 300-400" అని ఉంది. వంద గ్రాముల తేడా అంటే ఏం అర్థం చేసుకోవాలి?

తవుడు_గారు
కుక్క బరువుని 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించండి. ఫోన్ కాలిక్యులేటర్ అడ్డం తిప్పితే ఆ మీట కనిపిస్తుంది. 20 కిలోలకి 662 వస్తుంది, అది ఊరికే పడుకుని ఉన్నా కావలసిన కిలో క్యాలరీలు. ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకి దాన్ని 1.6తో గుణిస్తే రోజుకి సుమారు 1059 కిలో క్యాలరీలు. ఒళ్లు చేసే రకమైతే 1.2 నుంచి 1.4 చాలు.

చవకది 339 గ్రాములు, రోజుకి దాదాపు రూ.51. ఖరీదుది 306 గ్రాములు, రూ.70. నెలకి తేడా రూ.585 దాకా. కిలో ధరలో 53% ఎక్కువ కనిపించింది, కడుపు లెక్కలో 38 శాతమే ఎక్కువ. ఇది మొదలుపెట్టడానికి అంకె మాత్రమే. రెండు వారాలకోసారి తూకం వేసి, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయో లేదో చూసి 10% అటూ ఇటూ జరపండి. గ్లాసుతో కొలవొద్దు, వంటింటి తూకం వాడండి. గింజ సైజు మారితే గ్లాసు అబద్ధం చెబుతుంది.

కోడికూర
లెక్క బాగుంది, ఒక్క చోట బోల్తా పడింది. "క్రూడ్ ప్రోటీన్" అంటే ప్రయోగశాలలో నత్రజని కొలిచి 6.25తో గుణించిన అంకె. ఆ నత్రజని చికెన్‌దా, సోయాదా, ఈకల పొడిదా అన్నది ఆ అంకె చెప్పదు. 2007లో అమెరికాలో జరిగింది ఇదే కదా. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో (గోధుమ ప్రోటీన్ పొడి) మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపారు, నత్రజని పెరిగి పరీక్షలో ప్రోటీన్ ఎక్కువ కనిపించింది, కుక్కలూ పిల్లులూ కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 64 గ్రాముల్లో ఒంటికి పట్టేది ఎంత? అది చెప్పండి ముందు.

తవుడు_గారు
ఒప్పుకుంటున్నాను, సంచి మీద ఆ జవాబు దొరకదు. కానీ ఇంట్లో ఒక పరీక్ష ఉంది: మలం. రెండు వారాలు ఒకే తిండి, ఒకే కొలత. రోజుకి రెండు సార్లు, గట్టిగా, చేత్తో తీస్తే నేలకి అంటుకోకుండా వస్తే అరుగుతున్నట్టు. నాలుగు సార్లు, పెద్ద కుప్పలు, మెత్తగా వస్తుంటే మీరు డబ్బు పెట్టి కొన్నదాంట్లో చాలా భాగం అటువైపు పోతున్నట్టు. చవక సరుకుతో కొంచెం ఎక్కువే వస్తుంది, పీచు ఎక్కువ కాబట్టి. బొచ్చు మీద మాత్రం తొందరపడి తీర్పు ఇవ్వకండి, దానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

పెరుగన్నం
ఇదంతా ఎందుకండీ, మన ఊళ్లలో కుక్కలు అన్నం, పెరుగు, చికెన్ కాళ్లు తినే పదేళ్లు బతికాయి. రోజుకి 150 గ్రాముల బియ్యం, పావు కిలో చికెన్. క్యాలరీలు సరిపోతాయి, తాజా తిండి, నిల్వ మందులు లేవు.

తెల్లకోటు
పశువైద్యం వైపు నుంచి చెబుతున్నాను. క్యాలరీలు దాదాపు సరిపోతాయి, ప్రోటీన్ కూడా 55 గ్రాములు దాటుతుంది, నిజమే. కాల్షియం చూడండి. 150 గ్రాముల బియ్యంలో 15 మిల్లీగ్రాములు, పావు కిలో ఎముకలేని చికెన్‌లో 30 లోపు. మొత్తం 50 కూడా లేదు. కావలసింది దాదాపు 1300. పైగా భాస్వరం అంతకి పది రెట్లు ఎక్కువ ఉంటుంది కాబట్టి ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. పెద్ద కుక్కలో నెమ్మదిగా, పిల్లలో వారాల్లోనే కాళ్లు వంగి బయటపడుతుంది. జింక్ కూడా అంతే: కావలసింది 20 మిల్లీగ్రాముల పైన, ఆ పళ్లెంలో ఐదారు. ముక్కు, కళ్ల చుట్టూ పొక్కులు కట్టి బొచ్చు రాలుతుంటే మందులు మార్చి మార్చి వాడే ముందు తిండి అడగాలి.

పెరుగు వేశారా, మంచిదే, కానీ వంద గ్రాముల పెరుగుకి 120-150 మిల్లీగ్రాములే. ఇంటి తిండే కావాలంటే గుడ్డు పెంకు ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తటి పొడి చేయండి. ఒక టీస్పూన్, అంటే 5 గ్రాముల్లో దాదాపు 1.9 గ్రాముల కాల్షియం. ఈ కుక్కకి ముప్పావు టీస్పూన్ లోపే చాలు. జింక్, అయోడిన్, విటమిన్ ఇ కోసం మాత్రం వెట్‌ని అడిగి సప్లిమెంట్ వేయాల్సిందే. అప్పుడు రోజు ఖర్చు చూడండి, రూ.51 కంటే తక్కువ వస్తుందేమో. పావు కిలో బోన్‌లెస్‌కే దాటిపోతుంది.

చికెన్ కాళ్ల మాటంటారా, పచ్చివి వేరు, ఉడికించినవి వేరు. ఉడికిన ఎముక సూదుల్లా విరుగుతుంది.

పెరుగన్నం
సరే, సగం అన్నం సగం గింజలు కలిపితే? చాలా ఇళ్లలో జరిగేది అదే.

తవుడు_గారు
అసలు ప్రమాదం అక్కడే, ఎవరూ లెక్క వేయరు. సగం క్యాలరీలు చవకదాని నుంచి అంటే 170 గ్రాములు, 34 గ్రాముల ప్రోటీన్. మిగతా సగం అన్నం అంటే 400 గ్రాముల పైన, అందులో ప్రోటీన్ 11. మొత్తం 45, కానీ 1060 కిలో క్యాలరీలకి. వెయ్యికి 42.5, కనీసం గీతకి కింద. విటమిన్లు, ఖనిజాలు సగానికి సగం. ఖరీదుదైతే గీత దగ్గర వేలాడుతుంది. ఒక గిన్నెడు అన్నం తగ్గించి ఒక ఉడికించిన గుడ్డు వేస్తే ప్రోటీన్ 46 దాటుతుంది, ఖనిజాల లోటు అలాగే ఉంటుంది. పై తిండి ఏదైనా క్యాలరీల్లో 10% లోపు ఉంచండి. 20 కిలోల కుక్కకి అది 80 గ్రాముల అన్నం, అంతే.

సంత_సంచి
ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి: కొట్లో గోనెసంచిలోంచి తూచి ఇచ్చే లూజు సరుకు. కిలో రూ.150 అని చాలామంది కొనేది అదే. బ్యాచ్ నంబర్ లేదు, తేదీ లేదు, పదార్థాల జాబితా లేదు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా తెరిచి ఉన్న బస్తా తేమ పీలుస్తుంది, బూజు పడుతుంది. మొక్కజొన్న, వేరుశనగ చెక్క ఉన్నచోట ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం చేస్తుంది. గింజ తయారయ్యే వేడికి అది పూర్తిగా పోదు, కంటికి కనపడదు, కాలేయాన్ని కొడుతుంది. అమెరికాలో డాగ్ ఫుడ్‌కి హద్దు 20 పీపీబీ, అంటే వంద కోట్లలో 20 వంతులు. అక్కడ కూడా 2020 చివర్లో స్పోర్ట్‌మిక్స్ అనే చవక తిండి ఇదే కారణంతో వెనక్కి తీసుకున్నారు, చాలా కుక్కలు చనిపోయాయి.

మన దగ్గర డాగ్ ఫుడ్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 11968 ఉంది. సంచి మీద ఐఎస్ఐ గుర్తు కోసం వెతికి చూడండి, ఎన్నింటి మీద కనిపిస్తుందో.

కోడికూర
చూశారా, నేనన్నదీ అదే. చవకదానిలో మొక్కజొన్న ఎక్కువ, ప్రమాదం ఎక్కువ.

సంత_సంచి
కాదన్నా. మొక్కజొన్న ఖరీదుదానిలో కూడా ఉంది, తక్కువ అంతే. కొనే ముడిసరుకుని లారీ దగ్గరే పరీక్షించి వెనక్కి పంపే కంపెనీయా కాదా అన్నదే తేడా. ధాన్యం లేని తిండి అంటారా, పప్పులూ బఠానీలూ నింపిన ఆ రకానికీ గుండె జబ్బుకీ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టింది, కారణం ఇప్పటికీ తేలలేదు. ధాన్యం పేరు చెప్పి భయపడక్కర్లేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నాలుగు అడగండి. ఏ ఫ్యాక్టరీలో తయారైంది, సొంతదా, ఇంకొకరి దగ్గర చేయించుకుంటారా? ఫార్ములా రాసిన పోషకాహార నిపుణుడి చదువేంటి? ఈ బ్యాచ్‌కి అఫ్లాటాక్సిన్ పరీక్ష జరిగిందా? 100 గ్రాములకి ఎన్ని క్యాలరీలు? నాలుగో ప్రశ్నకి కూడా జవాబు రాకపోతే ఆ సంచి వదిలేయండి. పెడిగ్రీ చేసే మార్స్‌కి సిద్దిపేట జిల్లాలో ఫ్యాక్టరీ ఉంది, డ్రూల్స్, ప్యూర్‌పెట్ వాళ్లది ఛత్తీస్‌గఢ్ కోళ్ల వ్యాపార సంస్థ. అంటే మొదటి ప్రశ్నకి జవాబు చెప్పలేనంత దూరం ఎవరూ లేరు.

తెల్లకోటు
కిడ్నీల మాట ఒకటి మిగిలిపోయింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి 20% ప్రోటీన్ తిండి కిడ్నీలు పాడుచేయదు, 24 శాతమూ చేయదు. మన దగ్గర కిడ్నీలు దెబ్బతిన్న కుక్క వస్తే ముందు చూసేవి లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం ద్వారా సోకే జబ్బు), పిడుదుల జ్వరం. టీకా వేయించరు, పిడుదుల మందు వేయరు, నింద సంచి మీద వేస్తారు. కానీ ఉన్నట్టుండి తిండి మానేసి, వాంతులు, కళ్లు పచ్చబడితే అప్పుడు నిజంగా ఆ సంచి పక్కన పెట్టి, బ్యాచ్ నంబర్ ఫొటో తీసి, అరకిలో గింజలు విడిగా దాచి ఆస్పత్రికి పరుగెత్తండి. పరీక్షకి ఆ గింజలు కావాలి.

మెతుకు_లెక్క
అయితే చవకదే, సీలు సంచి, లూజు కాదు. 10 కిలోలది తీసుకుంటే నెల వస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో పోసేయనా?

సంత_సంచి
పోయొద్దు. సంచితో సహా డబ్బాలో దించి, పైన మడతపెట్టి క్లిప్ వేయండి. డబ్బా గోడలకి పాత నూనె అంటుకుని ముక్కిపోతుంది, కొత్త సరుకుని కూడా ముక్కబెడుతుంది. తెరిచాక ఆరు వారాల్లోపు అయిపోవాలి, మీకు నెలే కాబట్టి సరిపోయింది. పొయ్యి పక్కన, బాల్కనీలో పెట్టకండి. రంగురంగుల గింజలున్న రకం వద్దు, ఆ రంగులు మన కళ్ల కోసం వేసినవి. కుక్కకి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి.

తవుడు_గారు
మార్చేటప్పుడు మొదటి మూడు రోజులు పావు వంతు కొత్తది, తర్వాతి మూడు రోజులు సగం, ఆపై మూడు రోజులు ముప్పావు. విరేచనాలైతే వెనకటి మెట్టు దగ్గర ఆగండి. అన్నం అలవాటైన కుక్క నీళ్లు అన్నంలోంచే తాగేది, ఇప్పుడు గిన్నెలోంచి తాగాలి. రెండు చోట్ల నీళ్లు పెట్టండి.

కోడికూర
పెద్ద కుక్కకి సరే, వాదన వదిలేస్తున్నా. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలకి మాత్రం ఈ అడల్ట్ చవక సంచి, పైన కాల్షియం సిరప్ అంటే ఒప్పుకోను.

తెల్లకోటు
అందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పెద్ద జాతి పిల్లలకి తేమ తీసేసిన లెక్కలో కాల్షియం 1.2% నుంచి 1.8% మధ్య ఉండాలి. ఎక్కువైతే పిల్ల పేగులు దాన్ని ఆపలేవు, అంతా లోపలికి పోయి ఎముకల పెరుగుదల చెడుతుంది. "పెద్ద జాతి పిల్లలకి" అని రాసి, కాల్షియం శాతం ముద్రించిన సంచే తీసుకోండి. దాని మీద సిరప్ ఒక్క చుక్క కూడా వద్దు, షాపువాడు ఉచితంగా ఇచ్చినా సరే.