విశాఖకి అక్టోబరులోనా, నవంబరు ఆఖర్లోనా? (అరకు కూడా ఉంది, పెద్దవాళ్లతో ప్రయాణం)

ఓరుగల్లు_బండి
మేం ఐదుగురం. అమ్మానాన్న ఇద్దరూ డెబ్బైకి దగ్గర, నాన్నకి మోకాళ్ల నొప్పి, బాబుకి ఎనిమిదేళ్లు. వరంగల్ నుంచి రైల్లో వస్తాం. విశాఖలో మూడు రాత్రులు, అరకులో ఒకటి అనుకుంటున్నాం. సెలవు కుదిరేది అక్టోబరు మూడో వారం, లేకపోతే నవంబరు ఆఖరి వారం. అక్టోబరంటే తుఫాన్లని ఒకరు, నవంబరు ఆఖర్లో అరకులో కాలు పెట్టే చోటుండదని ఇంకొకరు. ఆ ఊరివాళ్లు చెప్పండి.

కైలాసగిరి_గాలి
నవంబరు. రెండో మాట లేదు. హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12న, సరిగ్గా విశాఖ మీద. తిత్లీ 2018 అక్టోబరు 11న, పలాస వైపు. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి. తారీఖులు చూస్తేనే తెలుస్తుంది కదండీ. పెద్దవాళ్లని, పిల్లాణ్ణి పెట్టుకుని ఆ నెలలో రావడమెందుకు?

కెకె_లైను
తారీఖులు ఏరుకుంటే ఏ నెలనైనా భయపెట్టొచ్చు మాస్టారూ. 2013 నవంబరులో హెలెన్, లెహర్ వరసగా వచ్చాయి. మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటింది 2023 డిసెంబరు 5న. అంటే నవంబరు ఆఖరుకి గ్యారంటీ ఏమీ లేదు. బంగాళాఖాతంలో ఏటా రెండు గండాలు: ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకొకటి. తేడా ఏమిటంటే, నవంబరు గడిచేకొద్దీ ఎక్కువ వాయుగుండాలు దక్షిణ కోస్తా, తమిళనాడు వైపు మళ్లుతాయి. విశాఖకి గండం తగ్గుతుంది, పోదు.

అక్టోబరు మూడో వారానికే నా ఓటు. అరకు దారిలోని కటికి జలపాతం నిండుగా ఉండేది అప్పుడే. అనంతగిరి కొండల పచ్చదనం కూడా అప్పుడే చూడాలి. నవంబరు ఆఖరుకి కటికి సన్నబడిపోతుంది.

కైలాసగిరి_గాలి
జలపాతం నిండుగా ఉందంటే కొండ మీద వాన పడుతున్నట్టేగా. అరకు రైలు దారిలో చిమిడిపల్లి, బొర్రా మధ్య పట్టాల మీద బండరాళ్లు జారితే మీ రైలే రద్దవుతుంది.

కెకె_లైను
అవును, అది నిజమే. అందుకే ఆ కాలంలో రైలు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కింద వివరంగా రాస్తాను.

జాలారిపేట
ఇద్దరూ నెల పట్టుకుని కొట్టుకుంటున్నారు. చూడాల్సింది తుఫాను ఎక్కడ దాటుతుందన్నది. మన తీరంలో తూర్పు నుంచి వచ్చే తుఫానుకి కుడిచేతి వైపు, అంటే ఉత్తరం వైపు, గాలీ ఉప్పెనా ఎక్కువ. సుడి తిరిగే వేగానికి తుఫాను కదిలే వేగం అటువైపు తోడవుతుంది. కాకినాడ దగ్గర దాటితే విశాఖ కుడివైపు పడుతుంది. ఊరు దూరమే అనిపిస్తుంది గానీ కుండపోత తప్పదు. మొంథా దాటింది నర్సాపురం వైపు, అయినా ఇక్కడ వాన దంచింది. అదే ఒడిశాలో గోపాలపూర్ దగ్గర దాటితే విశాఖ ఎడమవైపు. గాలి నేల నుంచి సముద్రం మీదకి పోతుంది, చాలాసార్లు ఒకట్రెండు రోజుల ముసురుతో సరి. టీవీలో "తుఫాను" అనగానే టికెట్టు రద్దు చేసుకోవడం కాదు, ఎటు పోతోందో చూడాలి.

వాతావరణ శాఖ పదాలకి అర్థం తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. అల్పపీడనం అంటే గొడుగు చాలు. వాయుగుండం (గాలి గంటకి 31 నుంచి 49 కిలోమీటర్లు) అంటే అరకు మానుకోండి, ఊళ్లో తిరగండి. తీవ్ర వాయుగుండం దాటి 62 పైబడితే తుఫాను. అప్పుడు ప్రయాణమే వాయిదా. తుఫాన్లు పుట్టే అవకాశం మీద రాబోయే రెండు వారాల అంచనాని ప్రతి గురువారం పెడతారు. బయల్దేరే ముందు రెండు గురువారాలు అది చదివితే చాలు.

ఓరుగల్లు_బండి
ఇది బాగా ఉపయోగపడింది. టికెట్ల సంగతి? ఆఖరి నిమిషంలో మానుకుంటే డబ్బు పోతుందా?

కెకె_లైను
రైలుని రైల్వే వాళ్లే రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్టు డబ్బు మొత్తం దానంతటదే వెనక్కి వస్తుంది. మీరు భయపడి రద్దు చేసుకుంటే కోత పడుతుంది. కాబట్టి తొందరపడొద్దు. తూర్పు కోస్తా రైళ్లు రద్దు చేసేటప్పుడు సాధారణంగా ఒకరోజు ముందు జాబితా వస్తుంది. గది మాత్రం ముందురోజు దాకా ఉచితంగా రద్దు చేసుకునేదే తీసుకోండి. అక్టోబరులో వంద రెండొందలు ఎక్కువైనా అదే నయం. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. అరకు రైల్లో విస్టాడోమ్ (అద్దాల) పెట్టె కావాలంటే ఆ రోజు పొద్దున్నే పట్టుకోవాలి.

ఇక అరకు. నా పద్ధతి ఇదీ:

పొద్దున ఏడు లోపు బయల్దేరే కిరండూల్ పాసింజరులో విశాఖ నుంచి అరకు దాకా రైలు. సుమారు నాలుగు గంటలు. మామూలు పెట్టె అయితే పోయేటప్పుడు కుడివైపు కూర్చోవాలి, లోయ అటే ఉంటుంది. విస్టాడోమ్‌లో కుర్చీలు తిరుగుతాయి కాబట్టి ఆ బాధ లేదు. లైను మీద యాభైకి పైగా సొరంగాలు. పిల్లాడికి లెక్కపెట్టే పని అప్పజెప్పండి, నాలుగు గంటలూ గడిచిపోతాయి. బొర్రా గుహల స్టేషన్లో దిగొద్దు. ముందు అరకు చేరిపోండి.

తిరుగు ప్రయాణం రోడ్డు మీద. ముందే మాట్లాడుకున్న కారు ఖాళీగా ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా అరకు వచ్చి స్టేషన్ దగ్గర ఎక్కించుకుంటుంది. మర్నాడు గాలికొండ, కాఫీ తోటలు, అనంతగిరి, బొర్రా చూసుకుని కిందికి. రైల్లో వెనక్కి ఎందుకొద్దంటే, ఆ లైను వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం. గూడ్సులు అడ్డొస్తే సాయంత్రం రావాల్సింది రాత్రవుతుంది, పెద్దవాళ్లు అలసిపోతారు. పైగా చీకట్లో లోయ ఏం కనపడుతుంది?

రైలు రద్దయితే అదే కారు పోయేటప్పటికి కూడా పనికొస్తుంది. అందుకే కారు మాట ముందే ఖాయం చేసుకోమనేది.

ఘాట్‌రోడ్డు
కారు సరే, టైము చెప్పలేదు మీరు. అక్టోబరు మధ్యలో ఇక్కడ సూర్యుడు ఐదున్నర దాటగానే దిగిపోతాడు. మీ తెలంగాణలో ఇంకా వెలుతురుండే వేళకి ఘాట్‌లో దీపాలు వేసుకోవాలి. వాన తర్వాత అనంతగిరి మలుపుల్లో మంచు పట్టిందంటే ముందు బండి వెనక దీపం కూడా కనపడదు. బొర్రా నుంచి మూడున్నరకల్లా కదలాలి, ఐదుకి ఎస్.కోట దాటాలి. డ్రైవరు "పర్లేదు సార్, నాకు అలవాటే" అంటాడు. వినొద్దు.

బొర్రా గుహల్లో దిగడం తేలిక, ఎక్కడమే కష్టం. మెట్లు చాలా ఉన్నాయి, అక్టోబరులో పైనుంచి నీళ్లు చుక్కలు పడి మెట్లు తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నాయన లోపలికి పది పదిహేను మెట్ల దాకా వెళ్లి, పెద్ద గుమ్మటం చూసి తిరిగొచ్చెయ్యడం మేలు. ఆ గుమ్మటమే అసలు దృశ్యం. రబ్బరు అడుగు చెప్పులు తప్పనిసరి. కటికి అయితే పెద్దవాళ్లకి వద్దే వద్దు. జీపు ఎగరేసి కుదేసి తీసుకెళ్తుంది, ఆ తర్వాత నడకా ఉంది.

కెకె_లైను
కటికి గురించి ఒప్పుకుంటున్నాను. పెద్దవాళ్లున్నారన్నది నా లెక్కలోకి తీసుకోలేదు.

కైలాసగిరి_గాలి
చూశారా! కటికి తీసేస్తే మీ అక్టోబరుకి మిగిలిందేమిటి? నవంబరు ఆఖర్లో అరకు పొలాల నిండా వలిసె పూలు, కొండంతా పసుపు. పొద్దున చలి, మధ్యాహ్నం హాయి. వంజంగి మేఘాలు కూడా అప్పుడు చక్కగా పరుచుకుంటాయి.

ఘాట్‌రోడ్డు
వంజంగి మాటెత్తకండి. పాడేరు దగ్గర, తెల్లారకముందే చేరాలి, కొండెక్కాలి. డెబ్బై ఏళ్లవాళ్ల సంగతి అడిగారాయన. వలిసెల మాట నిజం. కానీ నవంబరు ఆఖరి శని, ఆదివారాల్లో అనంతగిరి నుంచి అరకు దాకా బండ్ల వరస చూశారా? గంటన్నర దారికి మూడు గంటలు. అంటే నవంబరైతే సోమవారం నుంచి గురువారం మధ్యలోనే అరకు. శుక్రవారం అరకు సంత. అల్లం, పసుపు, చింతపండు కొనేవాళ్లకి మంచి రోజే గానీ బండి పెట్టుకునే చోటు దొరకదు.

పూర్ణా_మార్కెట్
అక్టోబరులో కూడా జనం ఉంటారండీ, వేరే జనం. దసరా సెలవులకి బెంగాలు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా దిగుతాయి. ఆ వారం పది రోజులు అరకులో గదులుండవు, ఉన్నా రేటు రెండింతలు. దసరా ఏటా మారుతుంది కాబట్టి ముందు క్యాలెండరు చూడండి. మూడో వారం పూజ సెలవుల్లో పడితే అక్టోబరు మాట మర్చిపోండి. దీపావళి ముందు వారం మాత్రం ఊరు ఖాళీ. రేట్లు కూడా దిగుతాయి.

ఊళ్లో తిరగడానికి అక్టోబరు ఉక్కపోత. ఎండ తక్కువే, చెమట మాత్రం ఆగదు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, మళ్లీ నాలుగు తర్వాత. మధ్యలో పెద్దవాళ్లని గదిలో ఉంచండి. కుర్సురా జలాంతర్గామి సోమవారం మూసేస్తారు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. పెట్టుకుంటే నాలుగింటికి పెట్టుకోండి. లోపల గుండ్రటి తలుపుల్లోంచి కాలెత్తి వంగి దాటాలి. నాన్నగారిని ఎదురుగా ఉన్న యుద్ధవిమానం మ్యూజియంలో కూర్చోబెట్టి మీరు, బాబు వెళ్లిరండి.

భీమిలి దాకా బీచ్‌రోడ్డు మీద 900కె బస్సు ఉంది. కుడివైపు కిటికీ దొరికితే కారు దండగ. యారాడ బీచ్‌కి మాత్రం సొంత బండి ఉండాలి. దిగబెట్టిన ఆటో వెనక్కి రాదు.

జాలారిపేట
స్నానం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోండి, అంతే. అక్కడ నేల ఒక్కసారిగా లోతైపోతుంది. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. ఈతగాళ్లే పోయిన చోటు అది. అల విరగకుండా, బురదగా, ప్రశాంతంగా కనిపించే సందే అసలు ప్రమాదం. నీళ్లు వెనక్కి పోయే దారి అదే. లాగితే ఒడ్డుకి ఎదురీదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక లోపలికి తిరగాలి. రాళ్ల మీద పాచి, ఫొటో కోసం ఎక్కొద్దు. పిల్లాడు నీళ్లలో ఆడాలంటే రుషికొండ, అదీ కాపలావాళ్లున్న వేళ, జెండాల మధ్యనే.

నవంబరులో వస్తే ఇంకోటి: కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకి జనం పోటెత్తుతారు. ఆ రోజు ఆ పొద్దు పిల్లల్ని తీసుకెళ్లొద్దు.

చేపలకి రెండు నెలలూ మంచివే. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. కోణెం, చందువా తాజాగా దొరుకుతాయి. వాయుగుండం వచ్చి పడవలు కట్టేస్తే మాత్రం మూడు నాలుగు రోజులు హోటళ్లలో పెట్టేది ఐసు చేపే. అలాంటప్పుడు కోడి తినండి.

తీరంవాసి
నవంబరు ఆఖరు పట్టుకుని డిసెంబరు 4 దాకా ఉండి నేవీ డే చూసిపోదామనుకునేవాళ్లకి ఒక మాట. అది ఏటా ఇక్కడే జరగదు. 2022లో విశాఖ, 2023లో సింధుదుర్గ్, 2024లో పూరీ, 2025లో తిరువనంతపురం. ప్రకటన చూడకుండా టికెట్టు తియ్యొద్దు. విమానంలో వచ్చేవాళ్లు టికెట్టు మీద ఏ విమానాశ్రయమో కూడా చూసుకోండి. భోగాపురం విమానాశ్రయం విజయనగరం జిల్లాలో ఉంది, గది బీచ్‌రోడ్డులో తీసుకుంటే ప్రయాణం చాలా దూరం.

ఓరుగల్లు_బండి
అందరికీ దండాలు. కటికి, వంజంగి రెండూ తీసేశాను. క్యాలెండరు చూస్తే ఈసారి పూజ సెలవులు సరిగ్గా మా మూడో వారంలోనే పడ్డాయి. కాబట్టి నవంబరు ఆఖరు, అరకు మంగళ బుధవారాల్లో. కైలాసగిరి_గాలి గారు గెలిచారనుకోండి.

కెకె_లైను
ఆయన గెలవలేదండీ, క్యాలెండరు గెలిచింది. వచ్చే ఏడు దసరా ముందుకి జరిగితే మళ్లీ మాట్లాడుకుందాం.

ఘాట్‌రోడ్డు
నవంబరు ఆఖరైతే అరకు గదిలో దుప్పట్లు ఎన్ని ఇస్తారో ముందే అడగండి. తెల్లవారుజామున చలి కొరుకుతుంది. చాలా చోట్ల మనిషికి ఒక్కటే ఇస్తారు, అదీ పల్చటిది. పెద్దవాళ్లకి చెరో శాలువా, మేజోళ్లు సంచిలో పైనే పెట్టండి. వేడినీళ్లు చాలా లాడ్జీల్లో పొద్దున కొన్ని గంటలే వస్తాయి, ఎప్పుడో కనుక్కుని బాబుని ముందు లేపండి.