మగ్దలేనే మరియ చేతిలో అత్తరు బుడ్డి, ఒంటినిండా జుట్టు, ఒడిలో కపాలం: ఇవన్నీ ఎక్కడివి?

ప్రశ్న: కృష్ణాతీరం

యూరపు చిత్రకళలో పునీతులను గుర్తుపట్టడం కొంత అలవాటైంది గాని, మగ్దలేనే మరియ దగ్గరకు వచ్చేసరికి ప్రతిసారీ తికమక పడుతున్నాను. ఒక చిత్రంలో ఆమె ఖరీదైన బట్టలు ధరించి, అత్తరు బుడ్డి పట్టుకుని నిలబడి ఉంటుంది. మరొకదానిలో గుహలో ఒంటరిగా కూర్చుని కపాలం వంక చూస్తూ కన్నీరు పెడుతుంటుంది. ఫ్లోరెన్సులోని దొనాతెల్లో కొయ్య శిల్పంలోనైతే ఎముకలు బయటపడిన ముసలి స్త్రీ, ఒళ్లంతా జుట్టే బట్టగా, సగం పళ్లు ఊడిన నోటితో కనిపిస్తుంది.

సువార్తలు నాలుగూ మళ్లీ చదివాను. ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ అని, యేసు వెంట తిరిగి తమ కలిమితో ఉపచారం చేసిన వారిలో ఒకతె అని, శిలువ దగ్గర నిలిచిందని, సమాధి దగ్గర పునరుత్థానుడైన యేసును చూసిందని ఉంది. ఆమె వ్యభిచారిణి అని గాని, అడవిలో తపస్సు చేసిందని గాని ఎక్కడా కనిపించలేదు. మరి చిత్రకారులకు, శిల్పులకు ఈ రూపాలు ఎక్కడి నుంచి దొరికాయి? వాటిలో వాక్యాధారం ఉన్నదేది, తరువాత చేరినదేది? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: పాతపుస్తకాలవాడు

మీరు చూస్తున్నది ఒక్క మరియను కాదు, ఒకే పేరు కింద చేరిపోయిన నలుగురు స్త్రీలను. లూకా ఏడవ అధ్యాయంలో పరిసయ్యుని ఇంట్లో యేసు పాదాలను కన్నీటితో తడిపి, తలవెండ్రుకలతో తుడిచి, అత్తరు పూసిన పాపాత్మురాలికి అసలు పేరే లేదు. మార్త సహోదరి అయిన బేతనియ మరియ కూడా, యోహాను సువార్త ప్రకారం, యేసు పాదాలకు అత్తరు పూసి తన వెండ్రుకలతోనే తుడిచింది. మగ్దలేనే మరియ వీరిద్దరికీ వేరు. క్రీ.శ. 591లో పోపు మొదటి గ్రెగొరీ ఒక ప్రసంగంలో ఈ ముగ్గురూ ఒక్కరేనని చెప్పి, ఆమెను విడిచిపోయిన ఏడు దయ్యాలంటే సకల దుర్గుణాలని వ్యాఖ్యానించాడు. పడమటి సంఘం దాదాపు పద్నాలుగు వందల ఏళ్లు ఆ మాటనే పట్టుకుని నడిచింది.

నాలుగవ స్త్రీకి బైబిలుతో సంబంధమే లేదు. ఈజిప్టు మరియ అనే పునీతురాలు వేశ్యావృత్తి విడిచి, యొర్దాను అవతలి ఎడారిలో బట్టలు చినిగిపోయేదాకా తపస్సు చేసిందని పాత కథ. మధ్యయుగాల్లో ఆ కథ మగ్దలేనే మరియ మీదికి ఎక్కింది. 13వ శతాబ్దంలో యాకోపో ద వరాజ్జే కూర్చిన పునీతుల కథల్లో మగ్దలేనే మరియ దక్షిణ ఫ్రాన్సుకు చేరి, ముప్పై ఏళ్లు నిర్జన ప్రదేశంలో ఆహారం లేకుండా గడిపిందనీ, రోజుకు ఏడుసార్లు దేవదూతలు ఆమెను ఆకాశానికి ఎత్తేవారనీ ఉంది. మీరు చూసిన గుహ ప్రొవాన్సులోని సెంత్ బోమ్ గుహ. ఇప్పటికీ అక్కడికి యాత్రికులు వెళ్తారు.

ఇక ఆధారాల సంగతి. అత్తరు బుడ్డికి మంచి వాక్యాధారమే ఉంది, ఎందుకంటే మార్కు సువార్తలో ఆమె, తోటి స్త్రీలు యేసు దేహానికి పూయడానికి సుగంధద్రవ్యాలు కొనుక్కుని సమాధి దగ్గరకు వెళ్లారు. తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలు ఈ అర్థాన్నే నిలుపుకున్నాయి; ఆ సంఘాలు ముగ్గురు స్త్రీలను ఎన్నడూ కలపలేదు కాబట్టి వారి ఐకాన్లలో, అంటే పూజా చిత్రాల్లో, ఆమె నిండుగా బట్టలు కప్పుకుని, చేతిలో పరిమళ పాత్రతోనో ఎర్ర గుడ్డుతోనో హుందాగా నిలుస్తుంది. పడమట మాత్రం అదే బుడ్డి పరిసయ్యుని ఇంటి బుడ్డి కూడా అయి, రెండు అర్థాలను ఒకేసారి మోసింది. విరబోసిన జుట్టు మొదట లూకా కథ నుంచీ, తరువాత ఈజిప్టు మరియ నుంచీ వచ్చింది. కపాలం వీటన్నిటికంటే ఆలస్యంగా, ముఖ్యంగా 16, 17 శతాబ్దాల్లో, మరణాన్ని ధ్యానించే భక్తి పద్ధతులతోపాటు స్థిరపడింది.

జవాబు 2: రంగులపెట్టె

పై జవాబులోని చరిత్రతో నాకు పేచీ లేదు. అయితే బొమ్మను ముందు బొమ్మగా చూడాలని నా అభిప్రాయం, ఎందుకంటే గొప్ప చిత్రకారులు ఈ గుర్తులను ఊరికే అతికించలేదు.

లండన్ నేషనల్ గ్యాలరీలో రోఖియర్ వాన్ డర్ వైడన్ చిత్రించిన చదువుకుంటున్న మరియ ఉంది. ఆకుపచ్చ గౌను, నేలమీద మెత్త, చేతుల్లో తెల్లని గుడ్డలో పట్టుకున్న పుస్తకం, పక్కన నేలమీద చిన్న బుడ్డి. కన్నీరు లేదు, పశ్చాత్తాపం లేదు; ఆ బుడ్డిని తీసేస్తే ఆమె ఎవరో గుర్తుపట్టడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఇది నిజానికి ఒక పెద్ద బలిపీఠ చిత్రం నుంచి కోసిన ముక్క. ఆమె వెనక భాగానికి ఎవరో తరువాతి కాలంలో ముదురు రంగు పూసేశారు. 1955–56లో దాన్ని తొలగించినప్పుడు వెనక నిలబడిన మనిషి దేహం బయటపడింది. ఆ మనిషి తల ఉన్న ముక్క లిస్బన్‌లోని గుల్బెంకియన్ మ్యూజియంలో ఉంది.

కపాలం గురించి అడిగారు కాబట్టి 17వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ ద లా టూర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఆయన ఈ విషయాన్ని మళ్లీ మళ్లీ వేశాడు. లూవ్ర్ మ్యూజియంలోని చిత్రంలో ఆమె ఒడిలో కపాలం, బల్లమీద పుస్తకాలు, కొయ్య శిలువ, తాడు కొరడా, వాటి పక్కన గాజు పాత్రలో నూనె దీపం ఉంటాయి. న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలోని చిత్రంలో కొవ్వొత్తిని అద్దం ముందు పెట్టాడు కనుక రెండు జ్వాలలు కనిపిస్తాయి, ఆమె తీసి పారేసిన నగలు నేలమీద పడి ఉంటాయి, ముఖం దాదాపుగా మనకు కనిపించకుండా తిరిగి ఉంటుంది. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలోనిది నాకు అన్నిటికంటే ఇష్టం. అక్కడ కొవ్వొత్తి జ్వాల కపాలం వెనక దాగి ఉంటుంది. ఆమె చేయి ఆ కపాలాన్ని తాకుతుంటుంది. ఎదురుగా ఉన్న అద్దంలో ఆమె ముఖం పడవలసిన చోట కపాలం ప్రతిబింబం పడుతుంది. ముఖం చూసుకుని సింగారించుకునే వస్తువే మరణాన్ని చూపుతోందన్న సంగతిని ఆయన ఒక్క మాటైనా రాయకుండా చెప్పగలిగాడు. ఇందులో అత్తరు బుడ్డి లేకపోయినా లోటు తెలియదు.

జవాబు 3: గుంటూరు పాఠకురాలు

పాతపుస్తకాలవాడు గారూ, గ్రెగొరీ చేసిన పని వల్ల ఆ స్త్రీకి అన్యాయం జరిగిందన్నది నిజమే, కాని మధ్యయుగాల చిత్రకళ ఆమెను పాపిగా మాత్రమే చూపిందనుకుంటే పొరపాటు. అదే కాలంలో ఆమెకు అపొస్తలులకు అపొస్తలురాలు అనే గౌరవం కూడా ఉండేది, ఎందుకంటే పునరుత్థాన వార్తను శిష్యులకు మొదట అందించింది ఆమే. ఫ్లోరెన్సులోని సాన్ మార్కో మఠంలో ఫ్రా ఆంజెలికో ఒక సన్యాసి గదిలో, 1440 ప్రాంతంలో, ఆమె యేసును తోటమాలి అనుకున్న ఘట్టాన్ని గోడమీద చిత్రించాడు. యేసు భుజాన పార ఉంది. మరియ మోకరించి చేతులు చాచింది. ఇద్దరి చేతుల మధ్య ఖాళీ స్థలం ఉంది, ఆ కొద్ది దూరంలోనే ఘట్టమంతా ఉంది. పచ్చికలో చల్లిన ఎర్రని పూల చుక్కలు యేసు గాయాలను గుర్తుచేసేలా వేశాడు. రోజూ ఒక సన్యాసి నిద్రలేచి చూసుకునే గోడ అది.

శిలువ కింద ఆమె పాత్ర ఇంకా పెద్దది. మసాచ్చో 1426లో పీసా నగరం కోసం వేసిన శిలువ చిత్రంలో, ఇప్పుడు నేపుల్స్‌లోని కాపొదిమోంతె మ్యూజియంలో ఉన్నదానిలో, ఆమె మనకు వీపు తిప్పి మోకరించి, ఎర్రని పైవస్త్రంతో, రెండు చేతులూ పైకెత్తి ఉంటుంది. ముఖం కనిపించదు. అయినా బంగారు నేపథ్యం మీద ఆ ఎరుపు కనబడగానే మిగిలినవారి దుఃఖం చిన్నదైపోతుంది.

పశ్చాత్తాపం చిత్రకళలో ప్రధానమైనది తరువాతి కాలంలోనే అని నా అభిప్రాయం. గురువు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాన్ని ప్రొటెస్టెంట్లు ఒక పవిత్ర సంస్కారంగా అంగీకరించబోమన్నప్పుడు, కాథలిక్ పక్షానికి ఏడ్చే పేతురు, ఏడ్చే మరియ చాలా అవసరమయ్యారు. కాథలిక్ సంఘపు త్రెంతు మహాసభ 1563 డిసెంబరులో పవిత్ర చిత్రాల్లో అశ్లీలం ఉండరాదని తీర్మానించింది. వెనిస్ చిత్రకారుడు తిత్సియానో ఈ విషయాన్ని రెండు దశల్లో ఎలా వేశాడో పోల్చి చూడండి. 1530లలో వేసి ఇప్పుడు ఫ్లోరెన్సు పిత్తి భవనంలో ఉన్న చిత్రంలో ఆమె ఒంటిమీద జుట్టు తప్ప బట్ట లేదు, ఆ జుట్టు కూడా దాచవలసినదాన్ని దాచదు. 1560లలో వేసి ఇప్పుడు రష్యాలోని ఎర్మితాజ్ మ్యూజియంలో ఉన్నదానిలో బట్ట కప్పాడు, ముందు తెరిచిన పుస్తకం, దాని కింద కపాలం పెట్టాడు. కళ్లు రెండింటిలోనూ ఆకాశం వైపే ఉన్నాయి గాని, మొదటిదాన్ని భక్తి కోసమే కొనుక్కున్నారంటే నేను నమ్మను.

జవాబు 4: ఉలిబాటసారి

శిల్పాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. జర్మన్ శిల్పి తిల్మన్ రీమెన్‌ష్నైడర్ 1490–92లో మ్యున్నర్‌స్టట్ ఊరి చర్చి బలిపీఠం కోసం చెక్కిన మరియ ఇప్పుడు మ్యూనిక్‌లోని బవేరియా జాతీయ మ్యూజియంలో ఉంది. దేవదూతలు ఆమెను పైకెత్తుతుంటారు. ఒళ్లంతా ఉంగరాలు తిరిగిన వెంట్రుకల బొచ్చు. ముఖం, చేతులు, రొమ్ములు, మోకాళ్ల దగ్గర మాత్రం నున్నని చర్మం. ఇంత తపస్సులోనూ ఆమె యౌవనం చెక్కుచెదరలేదు.

దొనాతెల్లో దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. 15వ శతాబ్దపు మధ్యభాగంలో చేసిన ఆ శిల్పం మనిషెత్తు కంటే కాస్త ఎక్కువే, సుమారు 188 సెంటీమీటర్లు. పోప్లర్ కొయ్య మీద గచ్చు పూత, దానిమీద రంగు, బంగారం. కథలో దేవదూతలు ఆమెను పోషిస్తారు, కాని ఈ ముఖంలో ఆకలే కనిపిస్తుంది. లోతుకుపోయిన కళ్లు, ఎండిన బుగ్గలు, నరాలు తేలిన మెడ చూడండి. అరచేతులు ప్రార్థనలో దాదాపు కలిశాయి గాని పూర్తిగా కలవలేదు. వేళ్ల మధ్య సన్నని సందు ఉంది. 1966 నవంబరులో ఆర్నో నది వరద, ఆ శిల్పం ఉన్న ఫ్లోరెన్సు బాప్తిస్మశాలలోకి వచ్చినప్పుడు శిల్పం దెబ్బతిన్నది. మరమ్మతులో పైనున్న ముదురు గోధుమరంగు పూత తీసేస్తే, కింద చర్మపు రంగులు, జుట్టులో బంగారు గీతలు బయటపడ్డాయి. అంతకుముందు అందరూ దాన్ని మట్టిరంగు శిల్పంగానే చూశారు, దాన్ని బట్టే నిరాశ, కఠోరత్వం అని వ్యాఖ్యానించారు. జుట్టు మెరుస్తున్నదని తెలిశాక ఆ వ్యాఖ్యానాలను కొంత సవరించుకోవాలి.

స్పెయిన్‌లో పేద్రో ద మేనా 1664లో చేసిన కొయ్య శిల్పం కూడా చూడండి. వయ్యదోలిద్ మ్యూజియంలో ఉంది. ఒంటికి తాటాకు చాప లాంటి ముతక అల్లికే వస్త్రం, చేతిలో శిలువ, దానివైపే చూస్తున్న ముఖం. అత్తరు బుడ్డి గాని, కపాలం గాని ఆయనకు అవసరం పడలేదు.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. వృద్ధురాలిగా, జుట్టుతో కనిపించినప్పుడు ఆమె ఈజిప్టు మరియ కాదని ఎలా చెప్పాలి? ఎర్రని బట్ట ఉంటే మగ్దలేనే మరియ అనుకోవచ్చా?

పాతపుస్తకాలవాడు

ఎరుపును నమ్ముకోకండి. ఇటలీలో ఎక్కువగా ఎరుపే గాని, వాన్ డర్ వైడన్ ఆకుపచ్చ వేశాడని పైన చూశారు కదా. ఈజిప్టు మరియకు ముఖ్యమైన గుర్తు మూడు రొట్టెలు, ఎందుకంటే ఎడారికి వెళ్తూ ఆమె తీసుకెళ్లింది అవే; కొన్ని చిత్రాల్లో జోసిమా అనే సన్యాసి ఆమెకు తన పైవస్త్రం ఇస్తుంటాడు. అత్తరు బుడ్డి గాని, ఎత్తుకెళ్లే దేవదూతలు గాని ఉంటే మగ్దలేనే మరియే. రెండు రకాల గుర్తులూ లేనప్పుడు ఆ బొమ్మ ఏ చర్చి కోసం, ఏ పునీతురాలి బలిపీఠం కోసం చేశారో వెతకడం తప్ప మార్గం లేదు.

గుంటూరు పాఠకురాలు గారి మాటకు ఒక చేర్పు: కాథలిక్ సంఘం 1969లో పండుగల పట్టిక సవరించినప్పుడు ఆమె పేరు పక్కనున్న పశ్చాత్తాపినీ అన్న బిరుదును తొలగించింది, 2016లో పోపు ఫ్రాన్సిస్ జూలై 22నాటి ఆమె స్మరణను అపొస్తలులకు జరిపే పండుగల స్థాయికి పెంచారు.