మాటకారితనానికి స్టాట్ ఉండాలా, తీసెయ్యాలా?

జెట్టీ_డైస్

ఆదివారాలు ఎంవీపీ కాలనీలో ఒక ఫ్రెండ్ వాళ్ల మేడ మీద కూర్చుని టేబుల్‌టాప్ రోల్‌ప్లే గేమ్స్ (తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పని అయిందో లేదో డైస్ వేసి తేల్చుకుంటూ కథ నడిపే ఆటలు) ఆడే బ్యాచ్ మాది. ఇప్పుడు సొంతంగా తెలుగులో ఒక గేమ్ రాస్తున్నాం. కథంతా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నడుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అది ముగిసి బోట్లు కదిలే రాత్రి మొదటి కథ మొదలవుతుంది. ఆటగాళ్లు కళాసీలు, బోటు డ్రైవర్లు, చేపలమ్మే ఆడవాళ్లు, ఐస్ ఫ్యాక్టరీ కుర్రాళ్లు.

స్టాట్స్, అంటే క్యారెక్టర్ సత్తాని చెప్పే అంకెలు, ఆరు పెట్టాం: బలం, చురుకు, ఓర్పు, తెలివి, గమనింపు, మాట. ఒక్కోదానికి మూడు డైస్ వేసి కూడతాం, అంటే 3 నుంచి 18 దాకా వస్తుంది.

గొడవంతా ఆరో స్టాట్ దగ్గరే. పోయిన సెషన్‌లో వేలంపాట సీన్ వచ్చింది. మాలో ఒకతను మంచి మాటకారి, కానీ అతని క్యారెక్టర్‌కి మాట 6 మాత్రమే. అయినా వ్యాపారితో అతను మాట్లాడిన తీరుకి మా జీఎం (గేమ్ మాస్టర్, ఆట నడిపించేవాడు) పడిపోయి, డైస్ వెయ్యమని కూడా అడగలేదు. తర్వాత కొత్తగా చేరిన అమ్మాయి వంతు. తన క్యారెక్టర్‌కి మాట 16. తను రెండు ముక్కలు మాట్లాడి ఆగిపోయింది. జీఎం "వ్యాపారి ఒప్పుకోలేదు" అనేశాడు. ఆ అమ్మాయి క్యారెక్టర్ షీట్ బోర్లా పెట్టేసి, ఆ రోజుకి ఇంకేమీ మాట్లాడలేదు. మాట అనే స్టాట్ తీసెయ్యాలా, ఉంచాలా? రెండు వైపులా చెప్పండి.

సాగర్‌నగర్_ప్లేయర్

తీసెయ్యండి. టేబుల్ దగ్గర కూర్చుని ఎవరూ లంగరు ఎత్తలేరు, అలల్లో ఈదలేరు. అందుకే బలానికీ ఓర్పుకీ అంకెలు కావాలి. మాట్లాడటం అలా కాదు, అక్కడ మనం నిజంగా చేసే పని అదొక్కటే. దానికీ అంకె పెడితే "నేను ఒప్పిస్తున్నా, 14 పడింది" అని ఒక్క ముక్కలో సీన్ అయిపోతుంది. అలాంటి టేబుల్స్ దగ్గర ఆడాను. గంట గడిచినా ఒక్క మంచి సంభాషణ ఉండదు.

గాజువాక_జీఎం

సాగర్‌నగర్ గారూ, బియ్యం బస్తా ఎత్తలేని కుర్రాడు కూడా బలం 17 రాసుకుని దర్జాగా ఆడతాడు. ఏదీ ఎత్తి చూపించు అని అతన్ని ఎవరూ అడగరు. బెరుకున్న అమ్మాయిని మాత్రం మాట్లాడి చూపించు అంటున్నాం. ఇదెక్కడి న్యాయమండీ? తను కాని మనిషిగా ఓ మూడు గంటలు బతకడానికే కదా ఎవరైనా ఈ ఆటకి వచ్చేది. అక్కడ తప్పు స్టాట్‌ది కాదు, డైస్ అడగని జీఎంది. ఏం సాధించాలనుకుంటున్నారో ఆటగాడు చెప్పాలి, డైస్ వెయ్యాలి, వచ్చినదాన్ని బట్టి మాటలు అల్లుకోవాలి.

సాగర్‌నగర్_ప్లేయర్

మరి మంచి ఆలోచనకి విలువ లేదా? "ఈ రెండు నెలల వడ్డీ వదిలెయ్, మొదటి వేట నీకే ఇస్తాం" అని ఒక ఆటగాడు బేరం పెట్టాడనుకోండి. అది గొంతు గొప్పతనం కాదు, బుర్ర. డైస్ 5 పడిందని దాన్ని కొట్టిపారేస్తే రెండోసారి ఎవరూ ఆలోచించరు.

కంచరపాలెం_అక్క

మీ ఇద్దరూ వేర్వేరు విషయాల గురించి పోట్లాడుకుంటున్నారని నాకనిపిస్తోంది. ఏం చెప్పామన్నది ఆటగాడి బుర్ర, దానికి అంకె వద్దు. ఎంత బాగా చెప్పామన్నది ఆటగాడి గొంతు, దానికి మార్కులు వెయ్యనే కూడదు. చెబుతున్నది ఎవరన్నది మాత్రం క్యారెక్టర్ సంగతి. అంకె ఉండాల్సింది అక్కడ.

అసలు 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లే గేమ్‌లో కరిస్మాకి, అంటే జనాన్ని ఆకట్టుకునే గుణానికి పెట్టిన స్టాట్‌కి, ఉన్న పనేంటో చూడండి. ఎంతమంది అనుచరుల్ని పెట్టుకోగలవు, వాళ్లు నిన్ను ఎంతవరకు నమ్ముకుని ఉంటారు అన్నది ప్రధానంగా దానితో తేలేది. ఒక్కో మాటకీ డైస్ వేసి గెలిచే పద్ధతి తర్వాత బలపడింది. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే గేమ్ చూడండి. అందులోనూ ఆరు స్టాట్సే, కానీ కరిస్మా లేదు. దాని బదులు చదువు, సమాజంలో హోదా ఉన్నాయి. నువ్వు తీయగా మాట్లాడతావా అని ఆ ఆట అడగదు. నువ్వెవరని అడుగుతుంది.

మీ గేమ్‌లో మాట కొట్టేసి ‘పరపతి’ పెట్టండి. డైస్ మాటల తర్వాత కాదు, ముందే వెయ్యండి. ఈ వరస మారిస్తే సగం గొడవ తీరుతుంది. ఉదాహరణకి, తెల్లారగట్ల జెట్టీ మీద వంజరాల గంపలు దించారనుకోండి. ఆ అమ్మాయి క్యారెక్టర్ వ్యాపారి వైపు నడుస్తోంది. ఇంకా నోరు విప్పకముందే డైస్ వెయ్యనివ్వండి. బాగా పడితే అతను ఫోన్ జేబులో పెట్టి, "రా అమ్మా, నీ సరుకే ముందు చూస్తా" అంటాడు. సరిగా పడకపోతే పక్క గంపలో చెయ్యి పెట్టి చేప మొప్పలు ఎత్తి చూస్తూ ఉంటాడు, ఈమె వైపు తిరగడు. ఇక అక్కణ్నుంచి తను ఏం అడుగుతుంది, ఏం ఇస్తానంటుంది అన్నది మొత్తం తన ఇష్టం. రెండు ముక్కల్లో చెప్పినా చాలు. ఆ రెండు ముక్కల్లో బేరం ఉందా లేదా అన్నదే జీఎం చూడాలి. మాటకారి ఆటగాడికి కూడా ఇదే లెక్క. ఎంత తీయగా మాట్లాడినా, అతని క్యారెక్టర్ పోయినసారి ఎగ్గొట్టిన బాకీ వ్యాపారికి గుర్తుంటుంది.

అల్లిపురం_రూల్స్

పక్క విషయం, కానీ ఇప్పుడే తేల్చుకోవాలి. మూడు డైస్‌కి 216 రకాలుగా పడే వీలుంది. అందులో 18 ఒక్కసారే. దాదాపు సగం సార్లు 9 నుంచి 12 మధ్యే పడుతుంది. మరి 11కీ 12కీ ఆటలో తేడా ఏంటి? డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2000 ఎడిషన్ నుంచి ప్రతి రెండు అంకెలకి ఒక బోనస్ ఇస్తోంది, అంటే 14 అయినా 15 అయినా +2యే. పాత్‌ఫైండర్ అనే గేమ్ వాళ్లు 2023లో 14, 15 లాంటి పెద్ద అంకె తీసేసి బోనస్ ఒక్కటే ఉంచారు. మీరూ -1 నుంచి +3 దాకా పెట్టుకోండి, చాలు.

ఇంకోటి, చురుకుని చూసుకోండి. తప్పించుకోవడానికీ, ముందు కదలడానికీ, గురి చూసి విసరడానికీ అన్నిటికీ అదే వాడితే బలం ఎవరూ తీసుకోరు. వల లాగడం, ఈదురుగాలికి బోటుని అదుపులో ఉంచడం బలం కిందకి తెచ్చెయ్యండి.

గాజువాక_జీఎం

అక్కా, డైస్ ముందే వెయ్యాలన్నది ఒప్పుకుంటా. పరపతి దగ్గరే నాకు ఇబ్బంది. దాన్ని మొదట్లోనే డైస్‌తో తేల్చేస్తే ఎవరింట్లో పుట్టావో అదే నీ అంకె అవుతుంది. కులం, డబ్బు తిన్నగా షీట్ మీదకి వచ్చేస్తాయి. బయట అది చాలదా, ఆదివారం ఆటలో కూడా కావాలా? 1978లో అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్స్‌లో ఆడ క్యారెక్టర్ల బలానికి మగవాళ్లకన్నా తక్కువ పరిమితి పెట్టారు. దాని మీద విమర్శ ఇప్పటికీ ఆగలేదు. 2020లో అదే గేమ్, క్యారెక్టర్ జాతిని (ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటివి) బట్టి ఇచ్చే బోనస్‌ని ఆటగాడు తనకి నచ్చిన స్టాట్‌కి మార్చుకోవచ్చని రూల్ తెచ్చింది. షీట్ మీద అంకె రాశామంటే, మనుషుల గురించి మనం ఏమనుకుంటున్నామో అదే రాసినట్టు.

కంచరపాలెం_అక్క

తమ్ముడూ, నీ భయం నిజమే. అందుకే దానికి డైస్ వద్దు. అందరూ సున్నా నుంచే మొదలుపెట్టాలి. అదీ ఒకే అంకెగా కాదు, మూడు చోట్లకి మూడు అంకెలు రాయండి: జెట్టీ మీద, సొంత పేటలో, ఆఫీసుల్లో. తుఫానులో పక్క బోటుకి తాడు వేసి లాక్కొచ్చిన వాడికి జెట్టీ మీద ఒకటి పెరుగుతుంది. అతనికి ఆఫీసులో బల్ల ముందు కుర్చీ కూడా దొరక్కపోవచ్చు. బాకీ ఎగ్గొడితే తగ్గుతుంది. 1981 నాటి కాల్ ఆఫ్ కథూలు అనే హారర్ గేమ్‌లో మతిస్థిమితం అంకె ఆట సాగేకొద్దీ కరిగిపోతూ ఉంటుంది, ఆ ఆటలో టెన్షన్ అంతా దానివల్లే. కదలని అంకె క్యారెక్టర్ ఎలా ఉంటాడో చెబుతుంది, కదిలే అంకె అతనికి ఏం జరుగుతోందో చెబుతుంది. హార్బర్ కథకి ఆ రెండోది కావాలి.

సాగర్‌నగర్_ప్లేయర్

అలాగైతే అది స్టాట్ కాదు, ఖాతా పుస్తకం. ఖాతా అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ దాని మీద డైస్ ఎందుకన్నది నాకింకా అర్థం కాలేదు. జెట్టీ మీద +2 ఉన్నవాడిని వ్యాపారి పలకరించాలి, అంతే. బాకీ తీర్చినవాడికి కూడా డైస్ సరిగా పడక మొహం తిప్పేస్తే సంపాదించుకున్నది ఏమైనట్టు?

జెట్టీ_డైస్

మా బ్యాచ్‌లో అందరికీ ఈ థ్రెడ్ చూపించాం. మాట కొట్టేశాం. మిగతా ఐదు స్టాట్స్‌కీ -1 నుంచి +3. పరపతి మూడు చోట్ల, సున్నా నుంచి. ఇంకా తేలనిది సాగర్‌నగర్ గారి ప్రశ్నే. ప్రస్తుతానికి ఒక రూల్ రాసుకున్నాం: వ్యాపారి ఇదివరకే ఎరిగినవాడైతే డైస్ లేదు, అంకె చూసి జీఎం చెప్పేస్తాడు. కొత్తవాడైతేనే డైస్. ఒకరికోసం ఇంకొకరు హామీ ఉండొచ్చా అని కూడా అడిగారు.

కంచరపాలెం_అక్క

ఉండొచ్చు. హామీ ఉన్నవాళ్ల అంకె వాడుకోనివ్వండి. అవతలి వాళ్లు మాట తప్పితే ఇద్దరికీ చెరొకటి తగ్గించండి.

గాజువాక_జీఎం

చెరొకటి కాదక్కా. హామీ ఉన్నవాళ్లకి రెండు తగ్గాలి. జెట్టీ మీద ముందు వాళ్లనే కదా నిలదీస్తారు.